వెనక గ్లాసు సన్ ఫిల్మ్ తీయించేవాళ్లు జాగ్రత్త: డీఫాగర్ గీతలు గీకేసి పంపిస్తున్నారు

ఆటోనగర్ వైపు కారు డెకార్ షాపుల్లో పాత సన్ ఫిల్మ్ తీయించాలనుకుంటున్నవాళ్లు తాళం ఇచ్చేముందు ఇది చదవండి. షాపు పేరు రాయను. అన్ని గ్లాసులకీ కలిపి ఎనిమిది వందలు, అరగంటలో పని అయిపోతుంది అన్నారు. అన్నట్టే అరగంటలో ముగించారు, వెనక గ్లాసు డీఫాగర్‌ని, అంటే వేడెక్కి గ్లాసు మీది ఆవిరిని పోగొట్టే గీతల్ని, నాశనం చేసి.

నా కారు ఫిల్మ్ ఊదా రంగుకి తిరిగింది, బుడగలు లేచింది, తీయక తప్పదు. రంగు కలిపి చేసే చౌక ఫిల్ములన్నీ ఎండకి ఇలాగే అవుతాయి. ఎండలోని అతినీల కిరణాలకి నలుపులోని రంగులు ఒక్కొక్కటే విరిగిపోయి చివరికి ఊదా మిగులుతుంది. లోపలి జిగురు పట్టు వదిలిన చోట బుడగ లేస్తుంది. పైగా కారు గ్లాసులకి నల్ల ఫిల్మ్ అతికించకూడదని 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ముందు, వెనక గ్లాసుల్లోంచి 70 శాతం, పక్క గ్లాసుల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని మోటారు వాహనాల నిబంధనల్లోని రూల్ 100 చెబుతుంది. కాబట్టి తీయించడం సరైన నిర్ణయమే. తీయించిన చోటే తప్పు.

ఫిల్మ్‌ని పొడిగా, చల్లగా ఉండగా లాగితే ఏమవుతుందో ఈ పని చేసేవాళ్లకి తెలియకుండా ఉండదు. పాత ఫిల్మ్ ఒకటే పొర కాదు. రంగు ఉన్న పై పొర పీలికలు పీలికలుగా ఊడొస్తుంది, కింది పారదర్శక పొర, జిగురు గ్లాసుకే ఉండిపోతాయి. అప్పుడు గీకాల్సి వస్తుంది. పక్క గ్లాసుల మీద కొత్త బ్లేడు, సబ్బు నీళ్లు వాడి, బ్లేడుని ఒకే వైపు తోస్తూ గీకితే గ్లాసుకి ఏమీ కాదు. వెనక్కి లాగితే బ్లేడు కింద చిక్కిన ఇసుక రేణువు గీత పెట్టేస్తుంది. వెనక గ్లాసు సంగతి వేరు. అక్కడ కనిపించే గోధుమ రంగు గీతలు గ్లాసు లోపల ఉండవు. వెండి కలిపిన పేస్టుని లోపలి వైపు ఉపరితలం మీద అచ్చేసి కాల్చినవి. బ్లేడు తగిలితే లేచిపోతాయి.

షాపు కుర్రాడు ఇనప బ్లేడుతో, పొడి గ్లాసు మీద, పైనుంచి కిందికి, గీతలకి అడ్డంగా గీకాడు. గరగరమని చప్పుడు. జిగురు గీకితే ఆ చప్పుడు రాదు, గీతలు లేస్తుంటే వస్తుంది. ఆపమని అరిచేసరికే సగం గ్లాసు అయిపోయింది. ఓనరు వచ్చి అన్న మాట ఇది: “అవి ఊరికే గీతలు సార్, డిజైన్. మన ఊళ్లో ఏమన్నా మంచు కురుస్తుందా?”

డీఫాగర్ కురిసే మంచు కోసం కాదు. జూలై వానలో నలుగురు ఎక్కి తలుపులు మూస్తే నిమిషంలో వెనక గ్లాసు లోపల ఆవిరి పడుతుంది. ఏసీ గాలి అక్కడిదాకా సరిగా రాదు. ఆ గీతలు వేడెక్కితేనే వెనక ఏముందో కనిపిస్తుంది. హైవే మీద వానలో వెనక లారీ ఎంత దగ్గరుందో తెలియకుండా లైన్ మారేవాడికి ఇది డిజైన్ కాదు. కొన్ని కార్లలో రేడియో యాంటెన్నా కూడా ఆ గ్లాసు మీదే ఉంటుంది.

అంతకంటే ఘోరం తర్వాత బయటపడింది. గీతలన్నీ రెండు చివర్లా నిలువుగా ఉండే వెడల్పాటి పట్టీలకి కలుస్తాయి, ఆ పట్టీకి వైరు టెర్మినల్ టంకంతో అతికి ఉంటుంది. ఒక గీత తెగితే ఆ ఒక్క గీతే చల్లగా ఉంటుంది. టెర్మినల్ ఊడితే మొత్తం చచ్చిపోతుంది. ఫిల్మ్ అంచు లాగినప్పుడు టెర్మినల్ ఊడింది. ఊడిందని చెప్పలేదు. ఫెవిక్విక్ పెట్టి అతికించి, పైన ప్లాస్టిక్ ట్రిమ్ నొక్కేసి, చేతులు చాచి డబ్బు తీసుకున్నారు. ఆ జిగురులోంచి కరెంటు పోదు. చాలా కార్లలో డీఫాగర్ 10 ఆంపియర్లకి పైనే లాగుతుంది, అంత కరెంటు పోవాల్సిన చోట ప్లాస్టిక్ పొర పెట్టారు. పొరపాటున గీకారంటే ఎవరైనా క్షమిస్తారు. ఊడిన దాన్ని దాచిపెట్టడం పొరపాటు కాదు, మోసం. ఫోన్ చేస్తే “ముందు నుంచే పనిచేయట్లేదేమో సార్” అన్నారు.

మిగిలిన జిగురుకి థిన్నర్ వాడారు. అది కారి వెనక స్పీకర్ల ట్రే మీద, పిల్లర్ ట్రిమ్ మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. థిన్నర్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు.

పని ఎలా జరగాలో చెప్తాను, షాపువాడిని ఇవే అడగండి. వేడి కావాలి: స్టీమర్ గానీ, తక్కువలో పెట్టిన హీట్ గన్ గానీ. హీట్ గన్ ఒకేచోట ఆపకూడదు, వేడెక్కిన గ్లాసు మీద చల్లటి నీళ్లు పోయకూడదు, పగలొచ్చు. మూల దగ్గర వేడి చేసి, గోరుతో అంచు లేపి, గ్లాసుకి దగ్గరగా మడిచి నెమ్మదిగా లాగాలి, లాగే చోట ముందు ముందు వేడి పడుతూ ఉండాలి. సరిగ్గా వస్తే జిగురు ఫిల్మ్‌తోపాటే వస్తుంది. తెగిందంటే వేడి చాలలేదు, లేదా తొందరపడ్డారు. ఒక్క వెనక గ్లాసుకే గంట పట్టినా ఆశ్చర్యం లేదు. మిగిలిన జిగురు మీద షాంపూ నీళ్లు కొట్టి, తడి టిష్యూ కాగితం పరిచి, ఆరకుండా మళ్లీ మళ్లీ తడుపుతూ అరగంట నాననివ్వాలి. మెత్తబడ్డాక ప్లాస్టిక్ కార్డుతో, గీతల వెంబడే, వాటిని దాటేలా కాకుండా తీయాలి. చివరి జిడ్డుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మైక్రోఫైబర్ గుడ్డ. తలుపుల దగ్గర గ్లాసు కింద టవల్ దోపాలి, లేకపోతే నీళ్లు పవర్ విండో స్విచ్‌లలోకి దిగుతాయి. స్టీల్ పీచు, థిన్నర్, ఇనప బ్లేడు వెనక గ్లాసు దగ్గరికే రాకూడదు.

ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్లు: ఇంజన్ ఆన్ చేసి, డీఫాగర్ వేసి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ నల్ల ప్రోబ్ బాడీకి పెట్టండి. ఎర్ర ప్రోబ్ మొనకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి గీత వెంట జరపండి. ఒక చివర 12 వోల్టుల చుట్టూ మొదలై, మధ్యలో సుమారు 6కి వచ్చి, రెండో చివర సున్నా అవ్వాలి. ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో అక్కడే తెగింది. చిన్న తెగుడుకి వెండి కలిపిన కండక్టివ్ పెయింట్ దొరుకుతుంది. గీతకి రెండు వైపులా టేపు వేసి పలుచగా రెండు మూడు కోట్లు వేసి, ఒక రోజు ఆరనివ్వాలి. అంగుళాల కొద్దీ లేచిపోతే దానివల్ల కాదు, గ్లాసు మార్చడమే. టెర్మినల్‌కి టంకం, లేదా కరెంటు పోయే వెండి ఎపాక్సీ జిగురు, ఇంకేదీ వద్దు.

హీట్ గన్ గానీ స్టీమర్ గానీ లేని షాపు అది. లోపలికి అడుగుపెట్టగానే కనిపించింది, అయినా తాళం చేతికిచ్చాను. ఆ తప్పు నాదే.

బండి ఇచ్చే ముందు డీఫాగర్ ఆన్ చేసి, గ్లాసు మీద నోటితో ఆవిరి ఊది, అది గీతల దగ్గర ముందు ఆరిపోవడం వీడియో తీసి పెట్టుకోండి. పని అయ్యాక డబ్బు ఇవ్వకముందే అదే పరీక్ష వాళ్ల ఎదుట చేయండి. నేను డబ్బు ఇచ్చేశాక చేశాను.