గడ్చిరోలికి మోసుకెళ్ళిన మందుల సంచీ

బయల్దేరే ముందు మా అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ తిరిగి మిగిలిపోయిన మందులు పోగేశాను. ఎనిమిది కిలోలయ్యాయి. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఒక చిన్న ఆరోగ్య సంస్థలో వారం రోజులు పనిచేద్దామని నా ప్రయాణం. ఉత్త చేతులతో వెళ్ళకూడదని ఈ సంచీ.

అక్కడ మందుల గది చూసుకునే తాయి (మరాఠీలో అక్కని అలా పిలుస్తారు) సంచీని బల్ల మీద బోర్లించింది. ఒక్కో స్ట్రిప్పునీ కిటికీ వెలుతురుకి పట్టుకుని చూసింది. తేదీ ఉన్న మూల చిరిగిపోయినవి ఒక పక్కకి. మూత తీసేసిన సిరప్పులు ఇంకో పక్కకి. బీపీ మాత్రలు నాలుగు రకాలు, ఒక్కోటీ ఆరేసి, పదేసి. "ఆరు మాత్రలు ఏ ముసలాయనకి ఇవ్వను దాదా? ఏడో రోజు ఆయనేం వేసుకుంటాడు?" అంది హిందీలో (దాదా అంటే అన్న). మొత్తం తేలేసరికి గంటన్నర. పనికొచ్చినవి ఒక చెప్పుల డబ్బాలో పట్టేశాయి. మిగతావి చెత్తలో వేసే వీల్లేదు కాబట్టి పద్ధతిగా పారేసే ఖర్చు కూడా వాళ్ళ నెత్తినే పడింది. సాయం చేయడానికొచ్చి మొదటి రోజే పని పెట్టాను.

దారి సంగతి. గడ్చిరోలి ఊరికి రైలు లేదు. బల్లార్షాలోనో చంద్రపూర్‌లోనో దిగి, మూల్ మీదుగా ఎర్ర బస్సు పట్టుకోవాలి. చంద్రపూర్ నుంచి ఎనభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. బస్సులు బాగానే ఉన్నాయి, సీటే దొరకదు. చంద్రపూర్ లాడ్జీల వాళ్ళు తడోబా అడవిలో పులుల కోసం వచ్చేవాళ్ళకి అలవాటుపడ్డారు. శనాదివారాలు రేటు ఎక్కువ, నాకిచ్చిన గదిలో వేడినీళ్ళు సున్నా. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపలే వెళ్ళండి. ఎండాకాలం చంద్రపూర్ ఎండ మన రామగుండానికి ఏమాత్రం తీసిపోదు.

ముందుగా వరోరా దగ్గర ఆనందవనం చూశాను. కుష్ఠు రోగుల కోసం బాబా ఆమ్టే 1949లో మొదలుపెట్టిన చోటు. నేతా, చాపలూ, వ్యవసాయం అన్నీ అక్కడివాళ్ళ చేతుల మీదే నడుస్తాయి. దానం కన్నా పనే మనిషిని నిలబెడుతుందని ఆయన పట్టుదల. ఆ మాట ముందే బుర్రకెక్కి ఉంటే ఆ సంచీ మోసేవాణ్ణి కాదు. ఒక తువ్వాలు కొనుక్కున్నాను.

తర్వాత ధానోరా రోడ్డులో శోధగ్రామ్. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సర్చ్' సంస్థ ఇక్కడే. ఆసుపత్రి పేరు గోండుల దేవత మా దంతేశ్వరిది. కట్టడం కూడా గూడెంలాగే, రోగితో పాటు చుట్టాలూ ఉండేలా. ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డల్ని ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతిని 39 ఊళ్ళలో నడిపి, ఫలితాల్ని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చు వేయించారు. ఏడాది లోపు పిల్లల మరణాలు కాలక్రమంలో వెయ్యికి 121 నుంచి 30కి దిగాయి. 2011 నుంచి ఈ పద్ధతి దేశమంతటా అమలైంది. మన ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజులకి లెక్కగా వచ్చేది అందుకే.

నేను పనిచేసిన చోట ఒక పెద్దావిడ దగ్గర 'సర్చ్' వాళ్ళు తయారుచేసిన ఊపిరి లెక్క పెట్టే పనిముట్టు ఉంది. నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసలు. ఆవిడకి చదువు రాదు. బిడ్డ పొట్ట మీదే చూపు, పెదాలు కదులుతుంటాయి, పది ఊపిరులకి ఒక పూస జరుపుతుంది. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి అరవై, ఆపైన ఏడాది లోపు బిడ్డకి యాభై చేరితే న్యుమోనియా అనుమానం. నన్నూ లెక్కపెట్టమంది. ముప్ఫై దగ్గర తప్పిపోయాను. "బిడ్డని చూడు, ఇసుకని కాదు" అని నవ్వింది.

ఇక నా సేవ ఏమిటంటే, సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) రోగుల కార్డులు కంప్యూటర్లోకి ఎక్కించడం. అదొక్కటే ఉపయోగపడింది. మరాఠీ రాదు, అక్కడి గోండుల భాష మాడియా అసలే రాదు. నేను పల్లెకి వెళ్ళాలంటే నా మాట చెప్పడానికి ఒక మనిషి తన పని మానుకోవాలి. రెండోసారి నేనే వద్దన్నాను. బస హాలులో మంచం, దోమతెర, బకెట్టు నీళ్ళు. మలేరియా ఉన్న జిల్లా, దోమతెర విషయంలో మొహమాటపడకండి. సిగ్నల్ ఊళ్ళోనే అంతంతమాత్రం. ఫోన్‌తో చెల్లింపులు మర్చిపోయి నగదు పట్టుకెళ్ళండి.

ఆలపల్లి దాటి అడవిలో హేమల్‌కసా. బాబా ఆమ్టే కొడుకు ప్రకాశ్, కోడలు మందాకినీ 1973లో వచ్చి మాడియా గోండుల కోసం ఆసుపత్రి పెట్టారు. ఇద్దరికీ 2008లో మెగసెసే అవార్డు. నాతో వ్యానులో వచ్చినవాళ్ళు అక్కడి జంతు అనాథాశ్రమం చూసి, ఫొటోలు తీసుకుని, ఆసుపత్రి వైపు తొంగి కూడా చూడకుండా వెళ్ళిపోయారు. వానాకాలం ఇటు రావద్దు. పర్లకోట నది పొంగితే భామ్రాగఢ్‌కి దారి తెగిపోతుంది. ఏ సంస్థకైనా ముందు ఫోన్ చేసి, రమ్మన్న రోజునే వెళ్ళాలి.

డబ్బు సంగతి తాయితోనే మాట్లాడాను. పేరు చెక్కించుకునే గదికి దాతలు దొరుకుతారట. జీపు డీజిలుకి, కార్యకర్తల జీతాలకి ఎవరూ ఇవ్వరట. అందుకే నెలనెలా ఇంత అని, దేనికైనా వాడుకోమని రాసిచ్చాను. విరాళం మీద పన్ను మినహాయింపు (80జీ అని పిలిచేది) కావాలంటే రెండు వేలు దాటిన మొత్తం నగదుగా ఇవ్వకండి. కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపే లేదు. అమెరికాలో ఉన్న మా బావమరిది తనూ ఇస్తానన్నాడు. వాడిది ఇంకా భారత పాస్‌పోర్టే కాబట్టి, బ్యాంకు ద్వారా పంపే సొంత డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు మాత్రం ఆ సంస్థకి విదేశీ విరాళాలు తీసుకునే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉందో లేదో కనుక్కోవాలి.

తిరుగు ప్రయాణం సిరొంచ మీదుగా. ఆలపల్లి నుంచి ఆ వంద కిలోమీటర్లూ నడుం విరిగింది. సిరొంచలో టీ కొట్టాయన "ఎటు పోతున్నరు?" అని తెలుగులో అడిగితే ప్రాణం లేచొచ్చింది. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరమే.

ఇంటికొచ్చాక, డిసెంబర్లో మళ్ళీ వారం వస్తానని తాయికి ఫోన్ చేశాను. "నెల రోజులకైతే రండి దాదా. వారానికైతే ఆ టికెట్ డబ్బులు పంపండి" అంది. సెలవు ఇంకా అడగలేదు. మరాఠీ మాత్రం మొదలుపెట్టాను.