రోమనెస్క్ గోడా, గోతిక్ కిటికీయా? మధ్యయుగపు చర్చి కళలో ఏది మేలు

1174 సెప్టెంబరులో ఇంగ్లండులోని కాంటర్బరీ కెథెడ్రల్‌కు నిప్పంటుకుని, బలిపీఠం ఉన్న తూర్పు భాగం కాలిపోయింది. ఆ మఠంలోనే ఉండే జెర్వేస్ అనే సన్యాసి, ఆ తరువాత పదేళ్లపాటు అక్కడ లేచిన కొత్త కట్టడాన్ని దగ్గరుండి చూస్తూ, పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడాలను ఒక్కొక్కటిగా రాసిపెట్టాడు. స్తంభాలు లావులో ఒకటేననీ, కొత్తవి మాత్రం దాదాపు పన్నెండు అడుగులు ఎక్కువ పొడవున్నాయనీ అన్నాడు. పాత చెక్కడం ఉలితో గాక గొడ్డలితో చేసినట్టు సాదాగా ఉండేదనీ, మునుపు ఒక్కటీ లేని పాలరాతి స్తంభాలు ఇప్పుడు లెక్కకు మించి ఉన్నాయనీ రాశాడు. పైకప్పు సంగతి చెబుతూ, మునుపు అక్కడ చక్కగా రంగులతో చిత్రించిన చెక్క కప్పు ఉండేదనీ, ఇప్పుడు రాతితో అందంగా కట్టిన కప్పు ఉందనీ అన్నాడు. లాభాల లెక్కలా సాగే ఆ వర్ణనలో ఒక నష్టం కూడా చేరింది: చెక్కతో పాటు చిత్రం పోయింది. యూరపు మధ్యయుగపు చర్చి కళలో పాత రోమనెస్క్ పద్ధతి మేలా, దాని తరువాత వచ్చిన గోతిక్ పద్ధతి మేలా అన్న ప్రశ్నకు ఆ నష్టాన్ని కూడా లెక్కలో వేసుకుని జవాబు వెతకాలని నా ఉద్దేశం.

ఈ రెండు పేర్లూ ఆ కాలపు వాళ్లు పెట్టుకున్నవి కావు. గోతిక్ అన్నది పునరుజ్జీవన కాలపు ఇటలీవాళ్లు అనాగరికమనే అర్థంలో తగిలించిన మాట. రోమనెస్క్ అన్నది పందొమ్మిదో శతాబ్దపు తొలి రోజుల్లో పండితులు వేసిన ముద్ర. స్థూలంగా చెప్పాలంటే, పదకొండో శతాబ్దంలోనూ పన్నెండో శతాబ్దపు తొలి సగంలోనూ గుండ్రని కమానులతో, దళసరి గోడలతో కట్టినవి రోమనెస్క్ చర్చిలు. 1140 ప్రాంతంలో పారిస్ చుట్టుపక్కల మొదలై, మొనదేలిన కమానులతో, పెద్ద కిటికీలతో మూడు నాలుగు శతాబ్దాలు యూరపంతటా వ్యాపించినవి గోతిక్ చర్చిలు.

ముందు కట్టుబడి సంగతి చూద్దాం. అర్ధవృత్తపు కమానుకు ఒక చిక్కుంది: దాని ఎత్తు ఎప్పుడూ వెడల్పులో సగానికే కట్టుబడి ఉంటుంది కనుక, వేరువేరు వెడల్పులున్న రెండు కమానులను ఒకే ఎత్తుకు తీసుకురావడం కష్టం. పైగా సొరంగంలా సాగే రాతి కప్పు తన బరువును కిందికి దించడమే కాకుండా, గోడ పొడవునా పక్కకు కూడా నెడుతూ ఉంటుంది. ఆ నెట్టుడును తట్టుకోవాలంటే గోడ లావుగా ఉండాలి, అందులో పెట్టే కిటికీ చిన్నదిగా ఉండాలి. బర్గండీలోని క్లూనీ మఠంలో 1088లో మొదలుపెట్టిన మహా చర్చి ఆ కాలపు క్రైస్తవ లోకంలోకెల్లా పెద్దది. దాని కప్పును ముప్పై మీటర్ల ఎత్తుకు లేపితే, 1125లో అందులో కొంత కూలిపోయింది.

గోతిక్ మేస్త్రులు ఈ చిక్కును మూడు ఉపాయాలతో విప్పారు. కమానును మొనదేల్చి, ఎంత వెడల్పుకైనా కావలసినంత ఎత్తు తెచ్చుకున్నారు. కప్పు కింద పక్కటెముకల్లాంటి రాతి బద్దలు అమర్చి, బరువును గోడ పొడవునా కాక స్తంభాల మీదికి మళ్లించారు. అక్కడ మిగిలిన పక్క నెట్టుడును, చర్చి వెలుపల గాలిలో సాగే దన్ను కమానులతో దూరంగా ఉన్న రాతి దిమ్మెలకు అప్పగించారు. దాంతో స్తంభానికీ స్తంభానికీ మధ్య గోడకు మోసే పని తప్పిపోయింది. మోయనక్కరలేని గోడ తీసేసి అక్కడ గాజు పెట్టవచ్చు. ఈ ఉపాయాలన్నీ ఒక్కరోజులో ఊడిపడినవి కావనడానికి ఇంగ్లండులోని డరమ్ కెథెడ్రల్ సాక్ష్యం. 1093లో మొదలైన ఆ రోమనెస్క్ కట్టడంలో, గీతలు చెక్కిన లావుపాటి స్తంభాల మీదనే రాతి బద్దల కప్పు ఉంది. 1133కల్లా పూర్తయిన మధ్య మందిరంలో మొనదేలిన కమానులు కూడా ఉన్నాయి. ఏమైనా కట్టుబడి వరకు తీర్పు తేలికే: తక్కువ రాయితో, ఎక్కువ ఎత్తు, ఎక్కువ వెలుగు సాధించిన గోతిక్ పద్ధతే మేలు.

వెలుగు విషయంలోనూ గోతిక్‌కు సాటి లేదు. పారిస్ దగ్గర సెయింట్ డెని మఠానికి అధిపతిగా ఉన్న సుజేర్, 1144 జూన్‌లో ప్రతిష్ఠ చేయించిన కొత్త తూర్పు భాగంలో చుట్టూ కిటికీలు పెట్టించి, రంగుటద్దాల గుండా వచ్చే కాంతిని ఆరాధనలో భాగం చేశాడు. మందమైన మనసు భౌతిక వస్తువుల ద్వారానే సత్యం వైపు లేస్తుందన్న అర్థమిచ్చే పద్యపాదాన్ని ఆయన చర్చి తలుపుల మీద చెక్కించాడు. షార్త్ర్ కెథెడ్రల్ 1194 అగ్నిప్రమాదం తరువాత చాలావరకు పాతికేళ్లలోనే తిరిగి లేచింది. అక్కడ సుమారు 2,600 చదరపు మీటర్ల రంగుటద్దాలున్నాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ వాటిని ఊడదీసి దాచి, మళ్లీ బిగించారు కనుక నేటికీ చూడగలుగుతున్నాం. మెదక్ చర్చిలో పగటి వెలుగుకు మేలుకునే రంగుటద్దాల కిటికీలను చూసినవారికి, ఈ పద్ధతి మనసును ఎలా పట్టుకుంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ఇరవయ్యో శతాబ్దపు ఆ కట్టడం కూడా గోతిక్ వారసత్వంలోనిదే.

అయితే వెలుగు వేరు, బొమ్మ వేరు. సుమారు 600 సంవత్సరంలో మార్సేయి బిషప్ సెరెనస్ చర్చిలోని బొమ్మలను పగలగొట్టిస్తే, పోప్ గ్రెగరీ ఆయనను మందలిస్తూ ఉత్తరం రాశాడు. చదువుకున్నవారికి రాత ఏ మేలు చేస్తుందో, చదువు రానివారికి చిత్రం ఆ మేలు చేస్తుందని అందులో చెప్పాడు. మధ్యయుగమంతా చర్చిలో బొమ్మలు పెట్టడానికి ఈ మాటనే ఆధారంగా చూపుకున్నారు. ఆ కొలతనే చేత పట్టుకుని రెండు పద్ధతులనూ పోల్చి చూస్తే, ఫలితం తారుమారవుతుంది.

షార్త్ర్‌లో కింది వరస కిటికీల అడుగున రొట్టెలు చేసేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, మాంసం కొట్టేవాళ్లు తమ తమ పనుల్లో ఉన్న బొమ్మలు కనిపిస్తాయి. అవి కంటికి అందుతాయి, మనసుకూ అందుతాయి. చూపు పైకి సాగేకొద్దీ, గుండ్రటి చట్రాల్లో, సీసపు పట్టీల నడుమ ఇరుక్కున్న చిన్న చిన్న సన్నివేశాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చివరికి నీలం, ఎరుపు మాత్రమే మిగులుతాయి. పారిస్‌లో తొమ్మిదో లూయీ రాజు 1248లో ప్రతిష్ఠ చేయించిన సాంత్ షపెల్‌లో పదిహేను కిటికీల్లో 1,113 సన్నివేశాలున్నాయి. అన్ని సన్నివేశాలను అంత ఎత్తున కూర్చినప్పుడు, కింద నిలబడినవాడు కథ చదవడు, కాంతిలో మునుగుతాడు. ఆ మునకను నేను తక్కువ చేయడం లేదు. అక్కడ నిలబడినవారికి నోట మాట రాకపోవడం సహజం. కానీ గ్రెగరీ చెప్పిన పని అది కాదు.

ఇప్పుడు బర్గండీలోని ఓటన్ పట్టణంలో, 1130 ప్రాంతంలో చెక్కిన రోమనెస్క్ శిల్పం దగ్గరికి వెళదాం. సెయింట్ లాజరస్ చర్చి పడమటి ద్వారం మీద, కమాను కింది అర్ధవృత్తమంతా అంతిమ తీర్పు దృశ్యం. ఆ ద్వారం గుండా లోపలికి అడుగుపెట్టే ప్రతి మనిషీ దాని కిందుగా నడవాల్సిందే. నడిమధ్య క్రీస్తు అందరికంటే ఎన్నో రెట్లు పెద్దగా కూర్చుని ఉంటాడు. ఆయన ఎడమ పక్కన ఒక దేవదూత తక్కెడలో ఆత్మను తూస్తుంటే, పొడవాటి కాళ్ల దయ్యమొకటి తన వైపు తట్టను కిందికి లాగుతుంటుంది. ఆ గలాటాలో చిన్న ఆత్మ ఒకటి దేవదూత అంగీ అంచును పట్టుకుని దాక్కుంటుంది. అడుగు వరసలో సమాధుల నుంచి లేచిన మనుషుల్లో ఇద్దరు యాత్రికులు తమ సంచుల మీద ఒకరు శిలువ, ఒకరు గుల్ల గుర్తు వేసుకుని ఉంటారు. ఆ గుర్తులున్న సంచులతోనే ద్వారం కిందికి వచ్చే యాత్రికులు తమను తాము అక్కడ చూసుకునేవారు. ఇంకొంచెం పక్కన, పై నుంచి దిగిన రెండు పెద్ద చేతులు ఒక పాపి తలను మెడ దగ్గర పట్టుకుని ఉంటాయి. ఆ చేతులు ఎవరివో శిల్పి చూపలేదు, వాటి వెనక ఒళ్లు లేదు. దానికి వ్యాఖ్యానం అక్కరలేదు, అక్షరమూ అక్కరలేదు.

క్రీస్తు పాదాల కింద గిస్లెబెర్టస్ చేశాడన్న లాటిన్ వాక్యం ఉంది. ఆ పేరు శిల్పిదా, చేయించిన దాతదా అన్న వాదం పండితుల మధ్య నేటికీ ఉంది. 1766లో అక్కడి మతాధికారులకు ఈ శిల్పం మొరటుగా తోచి, ముందుకు పొడుచుకొచ్చిన క్రీస్తు తలను తీసేసి, మొత్తం మీద గచ్చు పూయించారు. ఆ గచ్చే ఫ్రెంచి విప్లవ కాలంలో దాన్ని కాపాడింది. 1837లో గచ్చు వలిచారు. తల 1948లో గాని తిరిగి తన చోటికి చేరలేదు.

రోమనెస్క్ గోడ చిత్రకారుడికి ఇచ్చినదాన్ని చూడాలంటే, పశ్చిమ ఫ్రాన్సులోని సెయింట్ సావిన్ చర్చిని చూడాలి. 1100 ప్రాంతంలో దాని మధ్య మందిరపు కప్పు నిండా సృష్టి మొదలు మోషే దాకా కథ చిత్రించారు. ఎర్రమన్ను, పచ్చమన్ను, ఆకుపచ్చ, నలుపు, తెలుపు, అంతే రంగులు. లేత వెనకతలం మీద ముదురు గీతతో పెద్ద పెద్ద మనుషులు. ఆ కప్పులో చాలా భాగం అడ్డ కమానులు లేకుండా ఏకంగా సాగుతుంది కనుక, చిత్రకారుడికి పరిచిన చాపలా పొడవాటి తలం దొరికింది. నోవహు ఓడ, బాబెలు గోపురం కింద నుంచి చూసినా తెలిసిపోతాయి. ఇదే కప్పును గోతిక్ మేస్త్రి కట్టి ఉంటే రాతి బద్దలు దాన్ని ముక్కలు ముక్కలు చేసేవి, కింది గోడ గాజుగా మారేది. ఉత్తర ఫ్రాన్సులోని పెద్ద గోతిక్ చర్చిలలో కుడ్యచిత్రానికి చోటు కరవైపోవడం అభిరుచి మారినందువల్ల మాత్రమే కాదు, వేయడానికి గోడే లేకపోయినందువల్ల.

శిల్పం విషయంలో మాత్రం గోతిక్‌ను తోసిపుచ్చడానికి నాకు మనసొప్పదు. పదమూడో శతాబ్దంలో రెమ్స్ కెథెడ్రల్ ద్వారం దగ్గర నిలిచిన దేవదూత చిరునవ్వులోనూ, జర్మనీలోని నౌంబుర్గ్‌లో అంగీ కాలరును చెంప దాకా ఎత్తిపట్టుకుని నిలబడ్డ ఊటా అనే ప్రభువు భార్య బొమ్మలోనూ మనిషి ముఖం మనిషి ముఖంగా కనిపిస్తుంది. ఓటన్ శిల్పికి ఆ ధ్యాసే లేదు. బొమ్మలే వద్దన్నవారూ అప్పట్లో ఉన్నారు. మఠాల వరండాల్లో స్తంభాల తలల మీద కోతులను, సింహాలను, సగం మనిషి సగం జంతువు రూపాలను చూసి, క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ 1125 ప్రాంతంలో ఘాటుగా విమర్శించాడు. ఆయన అనుయాయులు ఫొంతెనే మఠంలో బొమ్మలు లేని నిరాడంబరమైన చర్చి కట్టుకున్నారు.

గోతిక్‌ను దెబ్బతీసింది ఎత్తు మీది మోహం. కప్పు పారిస్‌లో సుమారు 33 మీటర్లు, షార్త్ర్‌లో 37, అమియెన్‌లో 42 మీటర్లు లేచింది. 1225లో పని మొదలైన బోవేలో దాదాపు 48 మీటర్లకు తీసుకెళ్లారు. 1272లో పూర్తయిన ఆ కప్పులో కొంత భాగం 1284లో కూలింది. స్తంభాల సంఖ్య పెంచి తిరిగి కట్టారు. పదహారో శతాబ్దంలో నడిమధ్య 153 మీటర్ల గోపురం లేపారు. 1569లో పూర్తయిన అది నాలుగేళ్లకే, 1573లో పడిపోయింది. మధ్య మందిరం ఎన్నటికీ కట్టలేదు. అది లేవవలసిన చోట, పదో శతాబ్దంలో చిన్న చిన్న రాళ్లతో కట్టిన పాత చర్చిలో మిగిలిన భాగం నేటికీ నిలిచి ఉంది. దాని వెనక ఆ మహా కట్టడపు లోపలి భాగాలను దన్ను దూలాలతో నిలబెట్టి ఉంచారు.

కట్టుబడికి, కాంతికి గోతిక్. చదువు రాని మనిషికి కథ చెప్పడానికి రోమనెస్క్. రెండింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను రోమనెస్క్ వైపే నిలబడతాను. ఎందుకంటే చర్చిలో చిత్రం దేనికోసం అన్న ప్రశ్నకు జవాబు ఆ గోడ దగ్గరే దొరుకుతుంది. ఇందుకు గట్టి ఆధారం రోమనెస్క్ కాలం దాటిపోయాక, గోతిక్ మంచి ఊపులో ఉన్న రోజుల్లో, ఇటలీలో కనిపిస్తుంది. అక్కడివాళ్లు మొనదేలిన కమానును స్వీకరించారు గాని గోడను వదులుకోలేదు. పాడువాలో ఎన్రికో స్క్రోవెన్యి అనే ధనికుడు కట్టించిన చిన్న ప్రార్థనామందిరం 1305లో ప్రతిష్ఠ అయింది. దానికి గుండ్రటి సొరంగపు కప్పు, దక్షిణపు గోడకు ఆరు సన్నని కిటికీలు. ఉత్తరపు గోడను ఆనుకుని ఆ కుటుంబపు భవనం ఉండేది గనుక, అటు కిటికీయే లేదు. చిత్రకారుడు జొట్టోకు దొరికింది ఆ గోడలే. కప్పుకు నీలం పూసి బంగారు చుక్కలు పెట్టి, గోడల మీద మూడు వరసల్లో మరియమ్మ కథ, క్రీస్తు కథ చిత్రించాడు. అట్టడుగు వరసలో, శిలువ నుంచి దించిన క్రీస్తును ఒడిలోకి తీసుకుని తల్లి ముఖంలో ముఖం పెట్టి చూస్తుంటుంది. ఏటవాలు బండ ఒకటి మన చూపును ఆ రెండు ముఖాల దగ్గరికే దించుతుంది. ముందువైపు ఇద్దరు ఆడవాళ్లు మనకు వీపులు చూపిస్తూ నేల మీద కూర్చుని ఉంటారు. వాళ్ల ముఖాలు కనబడవు. వాళ్ల పక్కన మరొకరు కూర్చోవడానికి చోటున్నట్టే ఉంటుంది.