సాలినిటీ చూసే రిఫ్రాక్టోమీటర్: రొయ్య సీడ్‌కి సరే, వరి పొలానికి కాదు

భీమవరంలో ఆక్వా మందుల షాపులో 1,800 రూపాయలకి కొన్నాను. జానెడు గొట్టం, చివర గాజు పలక. పలక మీద రెండు చుక్కల నీళ్లు వేసి, మూత దించి, వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే చోట ఉప్పదనం ఎంతో తెలుస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు. 0 నుంచి 100 పీపీటీ (వెయ్యి పాళ్ల నీళ్లలో ఎన్ని పాళ్లు ఉప్పో ఆ లెక్క) దాకా చూపిస్తుంది, గీతకి ఒక పీపీటీ. కొనగానే డిస్టిల్డ్ వాటర్ వేసి సున్నాకి తిప్పుకోండి. వాడాక తుడవకపోతే గాజు మీద ఉప్పు పేరుకుని తర్వాతి రీడింగు ఎక్కువ వస్తుంది. మూత కీలు మాత్రం నాసిగా ఉంది.

వనామీ రకం రొయ్య వేసే ప్రతి రైతు దగ్గరా ఇది ఉండాలంటాను. హేచరీలో రొయ్య పిల్ల (సీడ్) పెరిగేది ఇంచుమించు 30 పీపీటీ సముద్రపు నీళ్లలో. మా బోరు నీళ్ల చెరువు 4. రొయ్య రక్తం ఉప్పదనంలో దాదాపు 25 పీపీటీ నీళ్లకి సమానం. కణం పొరలోంచి నీళ్లు తేలిగ్గా దాటతాయి, ఉప్పు దాటలేదు. అందుకే నీళ్లు ఉప్పెక్కువున్న వైపుకి పోతాయి. హేచరీలో పిల్ల ఒంట్లోంచి బయటికి పోయే నీళ్లు, మా చెరువులో పడగానే మొప్పల్లోంచి లోపలికి వచ్చిపడతాయి. కణాలు ఉబ్బుతాయి. వచ్చిన నీళ్లని బయటికి పంపడానికి, పోయిన ఉప్పుని మొప్పలతో మళ్లీ లాక్కోవడానికి పిల్లకి టైమివ్వాలి. అర్ధరాత్రి సీడ్ బండి దిగితే "ఏం పర్లేదండి, పోసేద్దాం" అనేవాళ్లుంటారు. వాళ్ల మాట వినకండి. బ్యాగు నీళ్లూ చెరువు నీళ్లూ చూసుకుంటూ, చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ, రెండు రీడింగులూ దగ్గరయ్యాకే నేను వదులుతాను. ఈ పనికి దీన్ని మించింది లేదు.

అయితే ఇది మొత్తం ఉప్పెంతో చెబుతుంది గానీ అందులో ఏముందో చెప్పదు. మొప్పల్లో ఉప్పు లాగే పంపు నడవాలంటే పొటాషియం ఉండాలి. చాలా బోరు నీళ్లలో తక్కువుండేది అదే. ల్యాబ్ టెస్టు తప్పదు.

మొగల్తూరు వైపు మా బాబాయిగారు వరి చేలో బోదె నీళ్లు దీంతో చూడమన్నారు. మట్టిలోని నీళ్లు 2 పీపీటీ దగ్గరికొస్తేనే వరికి దెబ్బ మొదలు. వేరు బయట ఉప్పెక్కువైతే వేరు నీళ్లు లాగలేదు, తడి ఉండగానే ఆకు చుట్టుకుపోతుంది. మంచినీళ్లయితే మొక్క కణానికి భయం లేదు, ఎన్ని నీళ్లు తాగినా చుట్టూ ఉన్న గోడ పగలనివ్వదు, మొక్క నిటారుగా నిలబడుతుంది. రొయ్య కణానికి ఆ గోడ లేదు. ఒకటికీ రెండుకీ తేడా తేలాల్సిన చోట ఈ గీతల్ని నమ్మలేం. బాబాయిగారిని ఈసీ మీటరు (నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు చెప్పేది) కొనుక్కోమన్నాను.