తిరుపతి బైరాగిపట్టెడ డెంటల్ క్లినిక్‌లో ఫిల్లింగ్ మళ్ళీ చేయించుకున్నా, నా అనుభవం ఇది

కింద దవడ పన్నుకి వేరే చోట చేయించిన ఫిల్లింగ్ నాలుగు నెలలకే చెనిక్కాయల ఉండ కొరుకుతా ఉంటే ఊడి చేతికొచ్చేసింది. అది పెట్టేటప్పుడు వాళ్ళు చెంప పక్కన రెండు దూది ఉండలు కుక్కి పది నిమిషాల్లో పంపించేసినారు, మధ్యలో నేను లేచి రెండుసార్లు ఉమ్మేసి వచ్చినా ఎవరూ ఏమీ అనలేదు.

మా పిన్ని చెప్తే ఈ క్లినిక్‌కి పోయినా. ఊడిన ముక్క కాగితంలో చుట్టుకోని పోయి చూపిస్తే డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసి "మెటీరియల్ బాగానే ఉంది సార్, పెట్టేటప్పుడు ఎంగిలి తగిలుంటుంది, అందుకే పట్టు దొరకలేదు" అనింది. తరవాత ఓపిగ్గా చెప్పింది. ముందు పన్ను మీద 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ కొన్ని సెకన్లు పెట్టి కడిగేస్తారంట, దాంతో ఎనామెల్ (పన్ను గట్టి పైపొర) మీద కంటికి కనపడని గుంతలు పడతాయి, బాండింగ్ ద్రవం వాటిలోకి దిగి గట్టిపడితేనే పైన పెట్టే కాంపోజిట్ (పన్ను రంగు ఫిల్లింగ్ మెటీరియల్) నిలబడేది. అంతలో ఎంగిలి తగిలితే దాంట్లో ఉండే ప్రోటీన్లు పొరలాగా ఆ గుంతల్ని మూసేస్తాయి, రక్తం తగిలినా అంతే. అట్లని ఎనామెల్ లోపలుండే పొర, డెంటిన్‌ని మరీ ఎండగొట్టినా పట్టు తగ్గుతుందంట, అక్కడ కొంచెం తేమ ఉండాలంట.

ఇంగ పని మొదలుపెట్టేముందు ఎంగిలి తగలకుండా రబ్బర్ డ్యామ్ వేసినారు, సన్న రబ్బరు షీటుకి బొక్క పెట్టి పన్ను ఒక్కటే పైకి వచ్చేట్టు క్లాంపుతో బిగిస్తారు. ఇది కొత్తదేం కాదు, 1864 నుంచీ ఉండాదంట! జెల్ కడిగి ఆరబెట్టినాక అద్దంలో చూపించినారు, పన్ను సుద్దముక్క మాదిరి తెల్లగా అయింది. సరిగ్గా అప్పుడే క్లాంప్ జారి ఓ పక్కనుంచి ఎంగిలి ఊరింది. నాకైతే తెలీను కూడా తెలీలేదు, డాక్టరమ్మే చూసి ఆపేసి, క్లాంప్ మార్చి, పన్ను కడిగి మళ్ళీ జెల్ పెట్టింది, ఇంకో పావుగంట ఎక్కువ పట్టినా ఒక్క మాట విసుక్కోలేదు. నేను ఐదు స్టార్లు ఇస్తా ఉండేది దీనికే. తరవాత రెండు మిల్లీమీటర్లకి మించకుండా పొర పొరగా పెట్టి ఒక్కోదానికీ గట్టిపడేదానికి నీలం లైట్ కొట్టినారు.

మా అమ్మకి చిగురు పక్కన గ్లాస్ అయోనమర్ అనే ఇంకో రకం ఫిల్లింగ్ పెట్టినారు, దానికి మొదట్లో తడి తగిలినా, మరీ ఎండినా చెడుపేనంట, అందుకే పైన వార్నిష్ పూసి పంపినారు.

క్లాంప్ బిగించినప్పుడు చిగురు నొప్పి పుడుతుంది, మత్తు దిగినాక సాయంత్రం దాకా సలిపింది. అపాయింట్‌మెంట్ ఉన్నా 50 నిమిషాలు కూర్చోబెట్టినారు, బండి పెట్టుకోను జాగా లేదు. ఏడు నెలలైంది, ఆ పక్కనే నిప్పట్లు నములుతా ఉండా, చల్లనీళ్ళు తాగినా జివ్వుమనడం లేదు. శనివారం మాత్రం పోవద్దండి, మనుషులు మెట్ల దాకా ఉంటారు.