ఆంకీ యాప్ రివ్యూ: సెమిస్టర్ ఎగ్జామ్స్‌కి ఏడాది వాడినంక చెప్తున్న

నేను కాకతీయ యూనివర్సిటీల (కేయూ) ఎమ్మెస్సీ బాటనీ. రోజూ జమ్మికుంట నుంచి కాజీపేట దాకా రైలు, అక్కడ్నుంచి ఆటో. డిగ్రీ మూడేండ్లు నేను చదివింది ఒకటే తీరు, ఎగ్జామ్ ముందు రాత్రి నోట్సు మూడు నాలుగు సార్లు తిరగేసుడు, హైలైటర్‌తోని పేజీ మొత్తం పచ్చగ చేసుడు. చదువుతున్నప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటది, హాల్ల కూసున్నంక మాల్వేసీ అనే మొక్కల కుటుంబం లక్షణాలు లిలియేసీ అనే ఇంకో కుటుంబానికి రాసి వచ్చిన. పీజీల చేరినంక మా సీనియర్ అక్క ఆంకీ చూపెట్టింది, ఇది చదివింది యాదికుంచుకునేటందుకు కార్డులతోని అడిగే యాప్.

ఒక పక్క ప్రశ్న, ఇంకో పక్క జవాబు ఉండే కార్డులు మనమే రాసుకోవాలె. ప్రశ్న చూసి మనసుల జవాబు చెప్పుకొని, అప్పుడు తిప్పి చూసి, ఎంత మంచిగ యాదికొచ్చిందో దాన్ని బట్టి అగైన్, హార్డ్, గుడ్, ఈజీ ఈ నాలుగిట్ల ఒకటి నొక్కాలె. రానిది నిమిషంల మళ్ల ముందటికొస్తది, వచ్చింది రేపు, తర్వాత కొన్ని రోజులకు, అట్ల పోను పోను నెలలకు అడుగుతది. 2006ల రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు కలిసి, స్టూడెంట్ల మీదనే పరీక్ష పెట్టి చూసిన్రు, 5 నిమిషాలకు అడిగితే మళ్లమళ్ల చదివినోళ్లకే ఎక్కువ యాదికున్నది, అదే వారం తర్వాత అడిగితే చూడకుండ గుర్తుచేసుకొని రాసినోళ్లు ముందున్నరు. ఇది చదివినప్పుడు నా డిగ్రీ రాత్రులన్నీ కండ్ల ముందట తిరిగినయ్.

నాకు బాగ పనికొచ్చింది ఇమేజ్ అక్లూజన్. క్రెబ్స్ సైకిల్ (కణంల శక్తి తయారయ్యే రసాయన చర్యల వరుస) బొమ్మ పెట్టి పేర్ల మీద డబ్బాలు కప్పేస్తే ఒక్కొక్క డబ్బా ఒక్కొక్క కార్డు అయితది, సిట్రేట్ తర్వాత ఏంది, సక్సినేట్ తర్వాత ఏంది అని అడుగుతనే ఉంటది. బాటనీ, జువాలజీ వాళ్లు ఇది అస్సలు ఇడిచిపెట్టొద్దు. నెట్ లేకున్నా నడుస్తది కాబట్టి కాజీపేట వచ్చేలోపు ఆ రోజు కార్డులు అయిపోతయ్.

కార్డు చిన్నగ ఉండాలె. మొదట్ల నేను ఒక్క కార్డుల మాల్వేసీ మొత్తం నింపిన, అది ఎన్నిసార్లొచ్చినా అగైనే. తర్వాత ముక్కలు చేసిన, కేసరాలు ఎట్లుంటయ్ అంటే మోనాడెల్ఫస్ (అన్నీ ఒకే కట్టగ కలిసి), పరాగకోశం అంటే మోనోథీకస్ (ఒకే గదితోని), అంతే. వేరేటోళ్ల డెక్ (కార్డుల కట్ట) డౌన్‌లోడ్ చేస్కుంటే మన సిలబస్‌కి కలవది, రాసుకునేటప్పుడే సగం వస్తది కాబట్టి మీరే రాసుకోండి.

బతుకమ్మకు ఇంటికాడ తొమ్మిది రోజులు ముట్టలే, తెరిచేసరికి నాలుగు వందలకు పైన కార్డులు కుప్పవడ్డయ్. భయమైంది, యాప్‌నే తీసేద్దామనుకున్న. సెట్టింగ్స్‌ల కొత్త కార్డులు సున్నా పెట్టి, రోజుకు వంద చొప్పున పాతయే చేస్కుంట పోయిన, వారంల లైన్‌కొచ్చింది. మామూలుగ రోజుకు 20 కొత్తవి అని ఉంటది, నేను 10 పెట్టుకున్న.

పెద్ద ప్రశ్నలకు మాత్రం ఇదొక్కటే సరిపోదు, పాయింట్లు యాదికుంటయ్ గని వాటిని వరుసగ పేపర్ మీద పెట్టుడు వేరే పని. నేను ఆదివారం పాత క్వశ్చన్ పేపర్ ముందటేస్కొని టైమ్ పెట్టుకొని రాస్త. అర్థం కాని టాపిక్‌ని కూడ కార్డు చెయ్యకండి, ముందు సార్‌నో మేడమ్‌నో అడగండి.

ఆండ్రాయిడ్‌ల ఆంకీడ్రాయిడ్ అని ఉంటది, ఫ్రీ, యాడ్స్ ఉండయ్. కంప్యూటర్ది కూడ ఫ్రీనే, ఐఫోన్‌కైతే పైసలు కట్టాలె. ఇదే పేరు పోలికతోని వేరే యాప్‌లున్నయ్, పేరు మంచిగ చూసి ఎక్కించుకోండి.