పందుల వాసనలో రెండు రాత్రులు, ట్రాకేనర్ గుర్రాల మధ్య రెండు పగళ్ళు

ముందు గది సంగతి చెప్పి కడుపుమంట చల్లార్చుకుంటాను. గుర్రాల దగ్గరికి తర్వాత వెళ్దాం.

నిరుడు ఆకులు రాలే కాలంలో మేం నలుగురం ఉత్తర జర్మనీలో మేముండే హాంబుర్గ్ నుంచి నోయ్‌మున్‌స్టర్ అనే ఊరికి వెళ్ళాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ పాప, మమ్మల్ని చూడ్డానికి ఒంగోలు నుంచి వచ్చిన మా నాన్న. ట్రాకేనర్ అనే జర్మన్ జాతి గుర్రాల సంఘం వాళ్ళు ఏటా ఆ ఊళ్ళో విత్తనపు గుర్రాల సంత పెడతారు. పాప గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది కాబట్టి ఈసారి తప్పలేదు. సంత రోజుల్లో ఊళ్ళో హోటళ్ళు ఎప్పుడో నిండిపోతాయని నాకు తెలియదు. మూడు వారాల ముందు వెతికితే మిగిలింది ఒక పల్లెటూరి అపార్ట్‌మెంట్. 'ప్రశాంతమైన పల్లె వాతావరణం, స్టేషన్‌కి పది నిమిషాలు' అని రాసి ఉంది.

పది నిమిషాలు కారులో. మాకు కారు లేదు. శని, ఆదివారాల్లో ఆ ఊరికి బస్సూ లేదు. టాక్సీకి ఒక్కో ట్రిప్పు 34 యూరోలు, రెండు రోజుల్లో నాలుగు ట్రిప్పులు, 136 అక్కడే పోయాయి. గది రాత్రికి 118 చొప్పున 236, 'శుభ్రం చేసినందుకు' 75. ఇవన్నీ ముందే కట్టాం. తీరా వెళ్ళాక ఇంటాయన తలుపు దగ్గరే నిలబెట్టి దుప్పట్లకీ తువ్వాళ్ళకీ మనిషికి 15, అదీ నగదుగానే ఇమ్మన్నాడు. ప్రకటనలో ఉందా అంటే, "అందరికీ తెలిసిన విషయమే కదా" అన్నాడు. రాత్రి తొమ్మిదింటికి పాప చలికి వణుకుతుంటే ఎవరు వాదిస్తారు? 60 ఇచ్చాను. రసీదు లేదు.

లోపలికెళ్ళి కిటికీ తెరిచాక తెలిసింది ప్రశాంతమైన పల్లె వాతావరణం అంటే ఏంటో. గోడ అవతల పందుల కొట్టం. మూసేస్తే ఊపిరాడదు, తెరిస్తే వాసన. హీటర్ పది దాటాక దానంతటదే ఆగిపోయేది. మా ఆవిడ ఆ రెండు రాత్రులూ నాతో మాట్లాడింది మొత్తం కలిపితే నాలుగు వాక్యాలు, అందులో మూడు "నేను ముందే చెప్పాను" అనేవే. నాన్న మాత్రం శాలువా కప్పుకుని, "గొడ్ల సావిడి వాసనైతే హాయిగా నిద్ర పట్టేదిరా, ఇది వేరే లెక్క" అని అటు తిరిగి పడుకున్నాడు.

తర్వాత రోజు సంతలో కేటలాగు చేతికొస్తే నవ్వొచ్చింది. ఒక్కో కుర్ర గుర్రానికీ ఒక్కో పేజీ. తండ్రి, తాత, ముత్తాత, తల్లి వైపు ఆడగుర్రాలు, ఎవరు ఏ పోటీలో గెలిచారు, అంతా రాసేశారు. రెండున్నరేళ్ళ గుర్రం గురించి ఇంత నిజం రాసే జిల్లాలో, గది పక్కన పందులున్నాయని ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదు ఆ మహానుభావుడికి.

నాన్నకి జర్మన్ రాదు, ఇంగ్లీషూ అంతంతే. కానీ కేటలాగు ఆయనకి నా కన్నా బాగా అర్థమైంది. ఆయన వయసులో ఉన్నప్పుడు బండలాగుడు పోటీలకి గిత్తల్ని మేపిన మనిషి. కొన్ని పేర్ల పక్కన రెండు ఎక్స్‌లు ఎందుకని అడిగాడు. అది ఇంగ్లీషు పందెపు గుర్రాల జాతి, థరోబ్రెడ్ రక్తం అని పాప చెప్పింది. అరబ్బీదైతే ఓ, ఎక్స్ అని ఉంటుంది. ట్రాకేనర్ వంశావళి పుస్తకంలోకి బయటి రక్తం రావాలంటే థరోబ్రెడ్, అరబ్బీ, ఆ రెండూ కలిసిన ఆంగ్లో అరబ్, షాగ్యా అరబ్, ఇంతే. వేరే జర్మన్ జాతుల్ని కలపనివ్వరు. "మరి మనవాళ్ళు ఏది పడితే అది కలిపేశారుగా" అని నాన్న గొణిగాడు. ఆ మాట జెర్సీ ఆవుల మీద.

ఇంకో సంగతి ఆయనకి భలే నచ్చింది. ట్రాకేనర్ పిల్లకి పేరు పెట్టేటప్పుడు మొదటి అక్షరం తల్లి పేరు నుంచి తీసుకోవాలి. గొండోలా కొడుకు గ్రిబాల్డి. డార్క్ మ్యాజిక్ కూతురు డలేరా. ఇంకో జర్మన్ జాతి, హానోవర్ గుర్రాలకైతే తండ్రి అక్షరం. మన గోత్రం తండ్రి నుంచి వస్తుంది కదా, అందుకే కాబోలు, "ఆడదాని లెక్క కూడా రాసుకున్నారన్నమాట" అన్నాడు మా ఆవిడ వైపు చూసి. ఆ పొద్దుట ఆవిడ మొదటిసారి నవ్వింది.

ఇక సంత. కుర్ర గుర్రాల్ని ముందు గట్టి నేల మీద చేత్తో పట్టుకుని నడిపిస్తారు, పరుగెత్తిస్తారు. తర్వాత హాల్లో తాడు లేకుండా వదిలేస్తారు, అడ్డుకర్రల మీంచి దూకిస్తారు. చివర్లో కమిటీ ఒక్కో పేరూ పిలిచి, సంతానానికి పనికొస్తుందా లేదా తేల్చి చెబుతుంది. పేరు పిలిచిన క్షణంలో హాలంతా బడి రిజల్ట్స్ రోజులా ఉంటుంది. నాకు తెలియని గుర్రాల కోసం నేనూ టెన్షన్ పడ్డాను.

మధ్యలో కొట్టాల వైపు తిరుగుతుంటే నాన్న ఒక నల్లదాని ముందు ఆగిపోయాడు. దాన్ని చూసుకునే అమ్మాయి నవ్వి, దగ్గరికి రావచ్చని సైగ చేసింది. నాన్న ముందు దాని నుదుటి మీద సుడి చూశాడు. ఎడ్లు కొనేటప్పుడు చూస్తారే, అలాగే వేలితో గాల్లో గుండ్రంగా గీసి, ఒకటే ఉందని నిర్ధారించుకున్నాడు. తర్వాత కాళ్ళు. గిట్టల వరకూ చూపు దించి, మళ్ళీ నెమ్మదిగా పైకి తెచ్చి, "వెనక ఎడం కాలు కొంచెం లోపలికేస్తోందిరా, దీన్ని తీసుకోరు" అన్నాడు. మధ్యాహ్నం కమిటీ ఆ నల్లదాన్ని తీసుకోలేదు. కాలు కారణమో కాదో నాకు తెలియదు గానీ నాన్న ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు.

పాప వచ్చింది గ్రిబాల్డి వంశం కోసం. వంశం సంగతి టూకీగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలియకపోతే ఆ సంత ఉత్త గుర్రాల బజారే. గ్రిబాల్డి 1993లో పుట్టిన ట్రాకేనర్, కొస్టొలానీ అనే గుర్రం కొడుకు. హాలండ్‌లో విత్తనానికి వాడారు, డచ్చి రౌతు ఎడ్వర్డ్ గాల్ దాని మీద డ్రెసాజ్ పోటీలు చేశాడు. డ్రెసాజ్ అంటే గుర్రం లయ తప్పకుండా అడుగులేయడం, ఉన్నచోటే తాళం వేసినట్టు కాళ్ళెత్తడం లాంటివి. గ్రిబాల్డికి డచ్చి ఆడగుర్రం వల్ల 2000లో పుట్టిందే టోటిలాస్. దాన్నీ గాలే ఎక్కాడు. 2009 డిసెంబరులో లండన్‌లో సంగీతంతో చేసే పోటీలో 92.30 శాతం తెచ్చుకుంది, మరుసటి ఏడు కెంటకీ ప్రపంచ పోటీల్లో మూడు స్వర్ణాలు. తర్వాత జర్మనీకి అమ్మేశారు, ఆ వైభవం మళ్ళీ రాలేదు. 2020 డిసెంబరులో కడుపునొప్పి జబ్బుతో పోయింది. గ్రిబాల్డికి ఈజీ గేమ్ అని ఇంకో కొడుకు. ఆ ఈజీ గేమ్ కూతురే మా పాప గోడ మీద ఉండే డలేరా. టోక్యో ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు, 2024 పారిస్‌లో మళ్ళీ రెండు.

"ఏ ఊరి గుర్రాలు ఇవి అసలు?" అన్నాడు నాన్న. జవాబు ఆ ఊళ్ళో దొరకదు. ప్రష్యా రాజు మొదటి ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ 1732లో తూర్పు ప్రష్యాలో ట్రాకేనెన్ అనే చోట సైన్యం కోసం పెట్టిన కొట్టాలవి. ఇప్పుడది రష్యాలో కలినిన్‌గ్రాద్ ప్రాంతం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 అక్టోబరులో, రష్యన్ సేనలు దగ్గరపడ్డాక కొట్టాలు ఖాళీ చేశారు. ఆ చలికాలంలో ఊళ్ళ జనం బళ్ళకి గుర్రాలు కట్టుకుని గడ్డకట్టిన సముద్రపు కయ్య మీదుగా పడమటికి వచ్చారు. వేల ఆడగుర్రాల్లో పశ్చిమ జర్మనీలో మిగిలింది వెయ్యికి అటూ ఇటూ. 1947లో సంఘం పెట్టి వాటితోనే మళ్ళీ మొదలుపెట్టారు. ఈ కథ చూడాలంటే ల్యూనెబుర్గ్‌లో తూర్పు ప్రష్యా మ్యూజియం ఉంది, ఒక పూట చాలు. తర్వాతి వారం వెళ్ళొచ్చాం, బాగుంది.

దాని కన్నా నేను చెప్పేది ఫెర్డెన్ అనే ఊరు వెళ్ళమని. బ్రేమెన్‌లో రైలు మారాలి. అక్కడి గుర్రాల మ్యూజియం ముందు టెంపెల్‌హ్యూటర్ అనే విత్తనపు గుర్రం కంచు విగ్రహం ఉంటుంది. అది 1905లో పుట్టింది. తండ్రి పర్ఫెక్షనిస్ట్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన థరోబ్రెడ్. తాత పర్సిమన్ 1896లో ఇంగ్లండ్‌లో డెర్బీ పందెం గెలిచింది. ఫెర్డెన్‌లో ఉన్నది నకలు. ట్రాకేనెన్ ద్విశతాబ్దికి 1932లో చేయించిన అసలు విగ్రహం యుద్ధంలో మాస్కో వెళ్ళి అక్కడే ఉండిపోయింది. నాన్న విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి, మెడ కింద చెయ్యి పెట్టి చూసి అన్నాడు: "మన కరవది గిత్త కూడా అంతే కదరా. 1960ల్లో ఓడెక్కి బ్రెజిల్ పోయింది, అక్కడ మన జాతి పేరు నెలోర్. ఒంగోలంటే అక్కడెవరికి తెలుస్తుంది?" కరవది మా ఊరికి ఆనుకునే ఉంటుంది. ఇంత మాట ఆయన గది గురించి కూడా అనలేదు.

తిండి గురించి ఒక్కటే చెప్పాలి. సంత బయట ఓ చిన్న హోటల్లో గ్రూన్‌కోల్ తెప్పించాను, ప్లేటు 13.50. సాసేజ్‌తో కలిపి బాగా ఉడికించిన ఆకుకూర. నాన్న సాసేజ్ పక్కకి నెట్టి, ఆకు రుచి చూసి, మునగాకు వేపుడు రెండు గంటలు ఎక్కువ ఉడికినట్టుందన్నాడు. సంచిలోంచి కారప్పొడి తీసి చల్లుకుని మొత్తం తినేశాడు. పక్క బల్ల ముసలాయన తనకీ కొంచెం ఇమ్మని చెయ్యి చాపాడు. పాపం, ఎక్కువ వేసుకున్నాడు.

వెళ్ళేవాళ్ళకి: గది ఆరు నెలల ముందే ఊళ్ళోనే తీసుకోండి, దొరక్కపోతే హాంబుర్గ్ నుంచే రోజూ వెళ్ళి రండి, రైల్లో గంటలోపే. మేం పెద్దవాళ్ళం జర్మనీ అంతటా లోకల్ రైళ్ళకి పనికొచ్చే, అప్పట్లో 58 యూరోలున్న నెల టికెట్ తీసుకున్నాం. పాపకి హాంబుర్గ్ బడి పిల్లలకిచ్చే ఉచిత టికెట్ ఉంది. ఆ టికెట్ దానంతటదే తర్వాతి నెలకీ కొనసాగుతుంది, చుట్టాలకి తీస్తే పదో తేదీలోపు క్యాన్సిల్ చేయడం మర్చిపోకండి, నాన్న విమానం ఎక్కాక నాకు ఇంకో 58 పోయాయి. గది మీద ఫిర్యాదు పెట్టాను. ఐదు వారాలకి 40 వెనక్కొచ్చాయి, పందుల ప్రస్తావన లేకుండా.

మొన్న వీడియో కాల్‌లో నాన్న కేటలాగు పట్టుకుని కనిపించాడు. చుట్టూ ముగ్గురు గిత్తల ఆసాములు. "ఆ నల్లదానికి విత్తులు కొట్టించేశారా?" అన్నాడు. తెలియదన్నాను. "కనుక్కోరా, వీళ్ళు అడుగుతున్నారు."