తెలుగు టైపింగ్‌కు మొదటి మెకానికల్ కీబోర్డ్: తక్కువ ధరలో కొని, ఏళ్లు వాడాక

తక్కువ డబ్బుతో మొదటి మెకానికల్ కీబోర్డ్ (ప్రతి కీ కింద విడిగా స్విచ్ ఉండేది) కొనబోయే తెలుగు టైపిస్టు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. ఒకటి అంకెకు ఎడమ పక్కన విడిగా ఒక కీ ఉందా, లేదా? స్విచ్ ఎర్రదా నీలిదా, లైట్లు ఎన్ని రంగుల్లో వెలుగుతాయి, వైరు ఉందా లేదా అన్నవన్నీ ఆ తర్వాతే. ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల ప్రామాణిక కీ అమరికలో) టైప్ చేసేవాళ్లకు నా మాట వెంటనే అర్థమవుతుంది. ఆ కీలో ఉండేది ఒత్వం. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ‘ఒ’.

మా ఊరి పేరే తీసుకోండి, హనుమకొండ. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ జిల్లాగా మారింది. అప్పటి నుంచి అర్జీ అయినా, అఫిడవిట్ అయినా, పెళ్లిపత్రిక అయినా చిరునామాలో ఆ పేరు రెండుసార్లు టైప్ చేయనిదే పని పూర్తికాదు. ఆన్‌లైన్‌లో చవగ్గా, ముద్దుగా కనిపించే 61 కీల బుల్లి కీబోర్డుల్లో ఒత్వం ఉండాల్సిన చోట ఎస్కేప్ కీ ఉంటుంది. ఒత్వం కావాలంటే ఎఫ్ఎన్ కీ పట్టుకుని ఎస్కేప్ నొక్కాలి. ‘ఒ’ కావాలంటే షిఫ్ట్ కూడా కలపాలి, అంటే ఒక్క అక్షరానికి మూడు వేళ్లు. కొత్త, కొడుకు, పొలం, తొలి, మొత్తం, రొక్కం, ఒప్పందం... ఒక భూమి ఒప్పంద పత్రంలో ఇవి ఎన్నిసార్లు వస్తాయో టైప్ చేసేవాళ్లకే తెలుసు.

ఇది వాడి చూసి చెబుతున్న మాట. కాజీపేట దగ్గర ఎన్ఐటీలో చదువుతున్న మా మేనల్లుడు తన 61 కీల కీబోర్డ్ తెచ్చి, “కొనే ముందు ఇది వాడి చూడు అత్తమ్మా” అని కొన్నాళ్లు మా ఇంట్లో ఉంచాడు. ఇంగ్లిష్‌కు అది హాయిగా ఉంది. తెలుగులో ఒక పరిశోధన గ్రంథం అధ్యాయం మొదలుపెడితే, ఒత్వం వచ్చిన ప్రతిసారీ చెయ్యి ఆగింది. కొన్ని బోర్డుల సాఫ్ట్‌వేర్‌లో ఆ కీని మార్చుకోవచ్చు, నిజమే. కానీ మార్చాక ఎస్కేప్ పోతుంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లలో తెరిచిన పెట్టె మూయడానికి అదే కావాలి. పైగా ఆ బోర్డుల్లో బాణం కీలు కూడా విడిగా ఉండవు. ప్రూఫులు దిద్దేవాళ్లకు అవి లేకపోతే పని సాగదు.

నా పని సంగతి కొంచెం చెప్పాలి. ఇంట్లోనే డీటీపీ చేస్తాను. కాకతీయ విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు, కోర్టు కాగితాలు, ముహూర్తాల కాలంలో శుభలేఖలు. పాత ఖాతాదారులు కొందరు పాత పద్ధతి అను ఫాంట్లే అడుగుతారు కానీ, కొత్తగా వచ్చే పనిలో ఎక్కువ భాగం ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే. అందుకే రోజంతా ఇన్‌స్క్రిప్ట్ మీదే ఉంటాను. మెకానికల్ కొనక ముందు వాడినవన్నీ మామూలు మెంబ్రేన్ కీబోర్డులు. వాటిలో కీ కింద రబ్బరు బుడిపె ఉంటుంది. అది పూర్తిగా అణిగి అడుగు తాకితేనే అక్షరం పడుతుంది. కొత్తలో మెత్తగానే ఉంటుంది. వాడకం పెరిగేకొద్దీ కొన్ని కీలు మొరాయిస్తాయి, కొన్ని వదులవుతాయి. సాయంత్రానికి వేళ్ల కణుపులు నొప్పి పెట్టేవి.

మెకానికల్‌లో ప్రతి కీకీ సొంత స్విచ్, అందులో స్ప్రింగ్ ఉంటాయి. సాధారణంగా నాలుగు మిల్లీమీటర్ల ప్రయాణంలో రెండు మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. అడుగు దాకా గుద్దాల్సిన పని లేదు. ఈ తేడా చేతికి అలవాటు కావడానికి కొంత సమయం పట్టింది. అలవాటయ్యాక సాయంత్రం నొప్పి బాగా తగ్గింది. నా విషయంలో ఈ ఖర్చు సార్థకమైంది అనడానికి ఇదొక్కటే చాలు.

ఇవి ఇంత చవక ఎలా అయ్యాయో తెలిస్తే కొనేటప్పుడు భయం తగ్గుతుంది. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980లలో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్ నమూనానే ఇవాళ్టికీ అందరూ అనుసరిస్తున్నారు. దాని పేటెంట్ల గడువు 2014 ప్రాంతంలో ముగిసింది. తర్వాత గేటరాన్, కైల్, ఔటెము వంటి చైనా తయారీదారులు అదే కొలతలతో స్విచ్‌లు చేయడం పెరిగి ధర దిగివచ్చింది. కాబట్టి చవకది అనగానే నకిలీ అనుకోవాల్సిన పని లేదు. అయితే వెయ్యి రూపాయల లోపు పెట్టెల మీద ‘మెకానికల్ ఫీల్’ అని రాసి ఉంటే మాత్రం అది రబ్బరు బుడిపెల కీబోర్డే. లైట్లు వెలుగుతాయి, చప్పుడూ వస్తుంది, లోపల స్విచ్ ఉండదు. విద్యార్థులు ఇక్కడే ఎక్కువగా మోసపోతున్నారు. పెట్టె మీద స్విచ్ రకం, రంగు స్పష్టంగా రాసి ఉందా అని చూసుకోండి. లేకపోతే వదిలేయండి.

నేను మూడు వేలు దాటకూడదని గీత గీసుకున్నాను. ఆ లోపల దొరికినది 87 కీలది, వైరుతో పనిచేసేది, బ్రౌన్ స్విచ్‌లది. పేరు రాయడం లేదు. ఈ ధరలో ఒకే అచ్చులో పోసిన బోర్డులు వేర్వేరు పేర్లతో అమ్ముడవుతుంటాయి కాబట్టి లక్షణాలు చూసి ఎంచుకోవడమే మేలు. 87 కీలంటే కుడివైపు అంకెల గడి తప్ప మిగతావన్నీ ఉన్నట్టు. అంకెల గడి లేకపోవడం నాకు లాభమే, మౌసు దగ్గరికి వచ్చింది. అదే ఎనుమాముల మార్కెట్ యార్డులో తూకాలు, బిల్లులు ఎక్కించేవాళ్లయితే 104 కీలదే తీసుకోవాలి. ఆ గడి లేకుండా వాళ్లకు రోజు గడవదు.

బ్రౌన్ ఎందుకంటే, ఇల్లు చిన్నది. ముహూర్తాల రోజుల్లో రాత్రి పొద్దుపోయేదాకా టైప్ చేస్తాను, పక్క గదిలో మా అత్తమ్మ నిద్రపోతూ ఉంటారు. బ్లూ స్విచ్ ప్రతి నొక్కుకూ టిక్కుమంటుంది. ఆ చప్పుడు కోసమే లోపల ఒక చిన్న కదిలే ముక్క ఉంటుంది, దాన్ని ఆపే ఉపాయం లేదు. రెడ్ స్విచ్ ఏ అడ్డూ లేకుండా నేరుగా దిగిపోతుంది. మృదువుగా ఉంటుంది కానీ అక్షరం ఎక్కడ పడిందో వేలికి తెలియదు. టైప్ మిషన్ మీద చెయ్యి తిరిగినవాళ్లకు ఆ తెలియడం అవసరం. బ్రౌన్‌లో మధ్యలో చిన్న గడ్డ తగిలినట్టుంటుంది, చప్పుడు మామూలు కీబోర్డు కన్నా కాస్త ఎక్కువ, అంతే. పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి కింద పరిస్తే ఆ కాస్తా తగ్గింది.

ఇక రెండేళ్లకు పైగా వాడాక ఏం జరిగిందో చెబుతాను.

మొదట దెబ్బ తిన్నది ‘డి’ కీ. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు ఉండేది అక్కడే. ఒత్తు పడాలన్నా, పదం చివర పొల్లు రావాలన్నా అదే నొక్కాలి. తెలుగులో దాని కన్నా ఎక్కువ దెబ్బలు తినే కీలు బహుశా రెండో మూడో ఉంటాయి. ఒక వేసవిలో అది ఒకసారి నొక్కితే రెండుసార్లు పడడం మొదలుపెట్టింది. పొల్లు రెండుసార్లు పడితే ఒత్తు కుదరదు, తెరపై అక్షరం పక్కన చుక్కల సున్నా ఒకటి ప్రత్యక్షమవుతుంది. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం రెండుసార్లు పడితే పదం చదవగలం. తెలుగులో మాట మొత్తం చెదిరిపోతుంది. స్విచ్ లోపలి రాగి రేకుల మధ్య దుమ్ము చేరినా, అవి మసకబారినా ఇలా జరుగుతుంది. మా వీధి దుమ్ముకు ఆశ్చర్యం లేదు.

ఇక్కడే నేను కొన్న బోర్డులోని ఒక సౌకర్యం ఆదుకుంది. అది హాట్‌స్వాప్, అంటే టంకం వేసి అతికించకుండా సాకెట్‌లో గుచ్చిన స్విచ్‌లు. తీగతో చేసిన చిన్న పట్టుకర్రతో కీ మీది ప్లాస్టిక్ మూతను, అంటే పైటోపీని, లాగేయాలి. స్విచ్ పైనా కిందా ఉన్న సన్నని ప్లాస్టిక్ కొక్కేలను మరో పరికరంతో అదిమి నిటారుగా పైకి లాగాలి. వంకరగా లాగితే కాళ్లు వంగుతాయి. కొత్త స్విచ్ కోసం వెతకలేదు. ఎఫ్12 దాటాక ఉండే స్క్రోల్‌లాక్ కీని నేనెప్పుడూ ముట్టుకోను. దాని స్విచ్ తీసి ‘డి’ కింద, ‘డి’ది తీసి స్క్రోల్‌లాక్ కింద పెట్టాను. గుచ్చే ముందు రెండు రాగి కాళ్లూ తిన్నగా ఉన్నాయా అని వెలుతురులో చూసుకోవాలి. ఒక కాలు వంగి మడత పడితే స్విచ్ కూర్చున్నట్టే ఉంటుంది, అక్షరం మాత్రం పడదు. ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. టంకం వేసిన బోర్డయితే రిపేరు షాపు చుట్టూ తిరగాల్సి వచ్చేది. అందుకే నా దృష్టిలో ఒత్వం కీ తర్వాత రెండో షరతు హాట్‌స్వాప్. లైట్లకు పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

ఇందులోనే ఒక మెలిక ఉంది. కొన్ని చవక బోర్డుల సాకెట్లు ఔటెము తరహా సన్నని కాళ్ల స్విచ్‌లకే సరిపోతాయి, మిగతా కంపెనీలవి లోపలికి పోవు. కొనే ముందు వివరాల్లో అది చదవండి. అలాగే మూడు కాళ్ల బోర్డుకు ఐదు కాళ్ల స్విచ్ దొరికితే, అదనంగా ఉన్న రెండు ప్లాస్టిక్ కాళ్లను కత్తిరించి వాడుకోవచ్చు. రాగి కాళ్ల జోలికి మాత్రం పోకూడదు.

రెండో ఇబ్బంది షిఫ్ట్. మహాప్రాణాలన్నీ షిఫ్ట్‌తోనే వస్తాయి. ణ, ళ, శ, ష కూడా అంతే. అంకెల వరుసలో క్ష, త్ర, శ్ర కూడా షిఫ్ట్ పట్టుకుంటేనే. షిఫ్ట్, స్పేస్, ఎంటర్ వంటి పొడవాటి కీలు ఒక పక్కకు ఒరగకుండా కింద ఒక తీగ ఉంటుంది, స్టెబిలైజర్ అంటారు. చవక బోర్డుల్లో అది పొడిగా వస్తుంది, ప్రతి నొక్కుకూ గలగలమంటుంది. నా బోర్డు ఎడమ షిఫ్ట్ మొదటి రోజు నుంచే అలా మోగింది. టోపీ తీసి, తీగ చివరలు ప్లాస్టిక్‌లో దూరే చోట డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని రకం) అగ్గిపుల్లతో రవ్వంత రాస్తే ఆగిపోయింది. ఎక్కువ రాస్తే కీ బరువెక్కుతుంది. స్విచ్‌లోకి మాత్రం ఈ గ్రీజు పోనీయొద్దు.

పైటోపీలు ఏబీఎస్ ప్లాస్టిక్‌వి. ‘డి’, స్పేస్, ఎడమ షిఫ్ట్ అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి. అక్షరాలు చెరగలేదు, అవి పైన అచ్చు వేసినవి కాదు, రెండో రంగు ప్లాస్టిక్‌తో పోసినవి. పీబీటీ అనే మరో రకం ప్లాస్టిక్ అయితే ఈ మెరుపు అంత త్వరగా రాదు. తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట: నా వేళ్ల చెమటకు వేసవిలో అంచులు లేచిపోయాయి. చూడకుండా టైప్ చేయడం నేర్చుకోవడం మేలు.

వైరు బోర్డు నుంచి ఊడివచ్చేదిగా ఉండాలి. బోర్డుతో వచ్చిన వైరు వదులైంది. మొబైల్ షాపులో టైప్-సి వైరు కొని మార్చాను. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేది తీసుకోవద్దు, డేటా కూడా వెళ్లేదే అడగండి.

ఎత్తు గురించి కూడా ఎవరూ ముందు చెప్పరు. ఇవి మామూలు వాటి కన్నా ఎత్తు. కింది కాళ్లు లేపి పెడితే మణికట్టు వెనక్కి వంగి నొప్పి వస్తుంది. కాళ్లు ముడిచేసి, అరచేతి కింద నున్నగా చిత్రిక పట్టిన చెక్క ముక్క పెట్టుకున్నాను. వడ్రంగి ఊరికే ఇచ్చాడు.

ఎక్కడ కొనాలంటే, హనుమకొండ దుకాణాల్లో ఉండేవి ఎక్కువగా ఆఫీసు రకాలు, లేదా రంగుల లైట్లతో బ్లూ స్విచ్‌వి. నొక్కి చూడాలంటే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లడం మంచి దారి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు లోపల ప్రతి కీని నోట్‌ప్యాడ్‌లో నొక్కి చూడండి. షిఫ్ట్‌తో కూడా. పడని అక్షరం, రెండుసార్లు పడే అక్షరం ఏదున్నా అప్పుడే తిప్పి పంపాలి.

ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసేవాళ్లకు, అంటే ‘ఏ ఎం ఎం ఏ’ కొడితే ‘అమ్మ’ వచ్చే పద్ధతి వాడేవాళ్లకు, ఒత్వం కీ సమస్య లేదు. బాణం కీలు లేకపోయినా సర్దుకోగలిగితే 61 కీలదైనా సరిపోతుంది. టేబుల్ ఇరుకైతే ఎఫ్ వరుస ఉన్న 75 శాతం బోర్డు (కీలు దగ్గరగా కుదించినది) కూడా చూడండి. వాటిలో ఎస్కేప్ పైవరుసలో ఉంటుంది కాబట్టి ఒత్వం కీ సాధారణంగా దాని చోటులోనే ఉంటుంది. అయినా బొమ్మ పెద్దది చేసి, ఒకటి అంకె పక్కన ఏముందో కళ్లారా చూసి మరీ డబ్బు కట్టండి.